బియ్యం ఉన్న ఊళ్లో పప్పు గురించి



నడిగూడెం మండలం సాగర్ ఎడమ కాలువ కింద ఉన్న ప్రాంతం. నీళ్లొచ్చిన ఏడాది వానాకాలమూ, యాసంగీ రెండు పంటలూ వరే. ఇటు కోదాడ, అటు హుజూర్‌నగర్, ఇంకాస్త పోతే మిర్యాలగూడ, ఎక్కడ చూసినా రైస్ మిల్లులు, ధాన్యం లారీలు. రేషన్ షాపుల్లో సన్నబియ్యం ఇచ్చే పథకాన్ని రాష్ట్ర ప్రభుత్వం 2025 ఉగాది నాడు, మార్చి 30న, మొదలుపెట్టింది కూడా ఈ పక్కనున్న హుజూర్‌నగర్‌లోనే. కార్డులో పేరున్న ప్రతి మనిషికీ నెలకు ఆరు కిలోలు, పైసా తీసుకోకుండా. ఇలాంటి చోట లేనివాళ్ల కోసం ఊరంతా కలిసి ఒక సరుకుల గది పెట్టుకుందామని ఎవరైనా అంటే, వినేవాళ్లకు మొదట కలిగే సందేహం న్యాయమైనదే. బియ్యం ఊరికే వస్తుంటే ఇంకా ఆకలెక్కడిది? ఈ సందేహానికి జవాబు వెతికితేనే ఆ గదిలో ఏం పెట్టాలో, ఎవరికివ్వాలో, ఎలా నడపాలో తేలుతుంది. వెతక్కుండా మొదలుపెడితే బియ్యం ఉన్న ఇంటికే ఇంకో బియ్యం సంచీ చేరుతుంది. నా వాదన ఇది: ఈ ప్రాంతంలో ఊరుమ్మడి సరుకుల గది పప్పు కోసం పెట్టుకోవాలి, బియ్యం పని రేషన్ షాపు చేస్తోంది. ఆ గది దాతల ఉత్సాహం మీద నడవకూడదు, నెలనెలా తప్పకుండా జరిగే ఊరి ఏర్పాటుగా నడవాలి.

ముందు లెక్క చూద్దాం. ఆరు కిలోలను ముప్పై రోజులకు పంచితే మనిషికి రోజుకు రెండు వందల గ్రాముల బియ్యం. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, రోజుకు రెండు వేల కేలరీల భోజనానికి ధాన్యాలు 250 గ్రాములు సరిపోతాయంది. ఆ లెక్కన ఐదింట నాలుగు వంతులు రేషన్ బియ్యంతోనే తీరుతోంది. అదే సంస్థ పప్పులు, గుడ్లు, మాంసం వంటివి కలిపి రోజుకు 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు ఉండాలంది. మాంసం, గుడ్లు అరుదుగా వండే ఇంట్లో ఆ 85 గ్రాములూ పప్పు నుంచే రావాలి. నెలకు మనిషికి రెండున్నర కిలోలు, నలుగురున్న ఇంటికి పది కిలోలు. కూలికి పోయే ఇంట్లో పది కిలోల పప్పు ఎవరు కొంటున్నారు? గుప్పెడు కందిపప్పుకు గిన్నెడు నీళ్లు పోసి కాచిన చారుతో, లేదంటే పచ్చిపులుసుతో, అదీ లేకపోతే కారం కలుపుకున్న అన్నంతో పూట గడుస్తుంది. కడుపు నిండుతుంది, కానీ ఒంట్లో కండ పట్టదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లల్లో 33 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు, దాదాపు 32 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేరు. పదిహేను నుంచి నలభై తొమ్మిదేళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. రక్తహీనతకు కారణాలు చాలా ఉంటాయి, పప్పు ఒక్కటే మందు కాదు. కానీ ఎన్టీ రామారావు ప్రభుత్వం 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టిన దగ్గర్నుంచీ నాలుగు దశాబ్దాలుగా చౌక బియ్యం అందుతున్న నేల మీద ఈ అంకెలు నిలబడి ఉన్నాయంటే, మన లోటు బియ్యంలో లేదని ఒప్పుకోవాలి.

ఈ వాదన కొత్తదేమీ కాదు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని తినేసిన పెద్ద కరువులో సరిగ్గా దీని మీదే పోరు జరిగింది. నడిగూడెం ఉన్న మునగాల పరగణా అప్పట్లో చుట్టూ నిజాం రాజ్యం ఉన్నా మద్రాసు ప్రెసిడెన్సీలోని కృష్ణా జిల్లాకు చెందినదే, కాబట్టి ఇది మన పాత ప్రభుత్వం కథే. సహాయక పనుల్లో కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే మన లెక్కలో సుమారు 450 గ్రాములు, పైన కొద్ది చిల్లర ఇస్తే చాలని రిచర్డ్ టెంపుల్ అనే అధికారి ఖర్చు తగ్గించాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ దాన్ని ఎదిరించాడు. ధాన్యం పెంచాలనీ, దానితో పాటు పప్పు, కూరగాయలు ఉండాలనీ, లేకపోతే పనిచేసే ఒళ్లు నిలవదనీ వాదించాడు. చివరికి ప్రభుత్వం కూలి పెంచాల్సి వచ్చింది, అప్పటికే జరగాల్సిన నష్టం జరిగిపోయింది. నూటయాభై ఏళ్ల కిందటి ఆ వైద్యుడి మాట ఇవాళ్టి పోషకాహార సంస్థ లెక్కతో కలుస్తోంది. గింజ ప్రాణం నిలుపుతుంది, మనిషి పనిచేయడానికీ పిల్ల ఎదగడానికీ ఇంకొకటి కావాలి.

ఇది ప్రభుత్వం చేయాల్సిన పని కదా, ఊరి నెత్తిన ఎందుకు అని ఒక అభ్యంతరం ఉంది. దీన్ని తేలిగ్గా తీసేయలేం. 2013 నాటి ఆహార భద్రతా చట్టం తిండిని హక్కు చేసింది, ఆ హక్కును ఊరి చందాలతో మార్చుకుంటే నష్టపోయేది పేదవాళ్లే. అమెరికాలో 1967లో ఫీనిక్స్ నగరంలో జాన్ వాన్ హెంగెల్ మొదటి ఫుడ్ బ్యాంకు పెట్టాడు. ఆ తర్వాత అక్కడా, యూరప్‌లోనూ అవి వేలల్లో వచ్చాయి. ఫుడ్ బ్యాంకులున్నాయి కదా అన్న ధీమాతో ప్రభుత్వాలు తమ బాధ్యత సడలించుకుంటున్నాయని అక్కడి పరిశోధకులు చాలాకాలంగా హెచ్చరిస్తున్నారు. అందుకే నేను చెప్పే గదికి మొదటి పని సరుకు పంచడం కంటే ముందున్నది. ఎవరికి రేషన్ కార్డు లేదో, ఎవరి పేరు కార్డులో ఎక్కలేదో, ఎవరి వేలిముద్ర మిషన్ మీద పడక బియ్యం ఆగిపోతోందో, ఏ ముసలామెకు పింఛను రావాల్సి ఉండీ రావడం లేదో కనిపెట్టి దరఖాస్తు పెట్టించాలి. గర్భిణులకు, బాలింతలకు ఆరోగ్యలక్ష్మి కింద 2015 నుంచి అంగన్‌వాడీలో ఒక పూట పూర్తి భోజనం ఉంది. అది అందాల్సిన వాళ్లను అక్కడికి పంపాలి. ప్రభుత్వం ఇచ్చేదాన్ని ఇప్పించిన తర్వాత మిగిలిన ఖాళీని మాత్రమే ఊరు పూడ్చాలి.

ఆ ఖాళీలో ఎవరుంటారు? పిల్లలు పట్నం పోయి ఒంటరిగా మిగిలిన ముసలి దంపతులు, పింఛను డబ్బులు మందులకే చాలని వాళ్లు. భర్త పోయి కూలి మీద బతికే ఆడవాళ్లు. కౌలు చేసి పంట పోగొట్టుకున్న కుటుంబం, కాగితం మీద దానికి భూమీ ఉండదు, నష్టపరిహారమూ ఉండదు. నాట్లకూ మిల్లుల్లో హమాలీ పనికీ బీహార్, బెంగాల్ నుంచి వచ్చేవాళ్లు. వాళ్ల సొంత రాష్ట్రం కార్డు మీద ఇక్కడ బియ్యం తీసుకునే వీలుందని చాలామందికి చెప్పేవాళ్లే లేరు. వీళ్లకు తోడు, ఏడాదంతా కాకపోయినా కొన్ని నెలలు ఖాళీలో పడేవాళ్లు ఇంకా ఎక్కువ. వరికోత మిషన్లు వచ్చాక కోతల కూలి దాదాపు పోయింది. వెదజల్లే పద్ధతి పెరిగినకొద్దీ నాట్ల కూలీ తగ్గుతోంది. యాసంగి కోత అయిపోయాక నాట్లు పడేదాకా, మళ్లీ కలుపులు అయిపోయాక కోతలు మొదలయ్యేదాకా చేతిలో పని ఉండని వారాలు ఉంటాయి. సరిగ్గా ఆ వారాల్లోనే కిరాణా కొట్టు ఖాతా పెరుగుతుంది, పెరిగిన ఖాతాలో మొదట కోత పడేది పప్పు మీద, నూనె మీద.

ఉచితంగా ఇస్తే జనం సోమరులవుతారన్న మాటకు పై లెక్కే జవాబు. నెలకు రెండు మూడు కిలోల పప్పు, ఒక లీటరు నూనె వస్తాయని పని మానుకునేంత తేలికైన బతుకు ఏ కూలి ఇంట్లోనూ లేదు. పనికిపోయే ఒంటికి తిండి చాలకపోతేనే పని తగ్గుతుంది. అక్కర లేనివాళ్లు తీసుకుపోతారన్న భయం మాత్రం నిజమైనది, దానికి పరిష్కారం కూడా ఇదివరకే కొందరు నడిచి చూసిన దారిలో ఉంది. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత మహిళలు 1990ల మధ్యలో బీడు పడ్డ చెలకలను అప్పిచ్చి సాగులోకి తెచ్చారు. రైతులు ఆ అప్పును జొన్నల రూపంలో తీర్చారు. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వచేసి, పనుల్లేని నెలల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఎవరు ఎంత పేదో ఊరివాళ్లే కూర్చుని తేల్చారు, ఎక్కువ పేదవాళ్లకు ఎక్కువ గింజలు దక్కేలా చూశారు. పక్కింటి పొయ్యి సంగతి ఆఫీసు కంటే పక్కింటికే బాగా తెలుస్తుందన్న నమ్మకం మీద నడిచిన పని అది. నడిగూడెంలో జొన్నలు పండించమని నేననను. ఎంపిక ఊరి చేతిలో, అందులోనూ ఆడవాళ్ల చేతిలో పెట్టాలన్నదే అక్కణ్నుంచి తీసుకోవలసింది.

ఇక్కడ ఇంకో చిక్కు వస్తుంది. ఇచ్చిన సరుకు అప్పా, ఉచితమా? అరువు పద్ధతి అనుభవం మనకు ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వెలుగు, ఇందిరా క్రాంతి పథం రోజుల్లో గ్రామైక్య సంఘాలు బియ్యం ఒక్కసారే టోకున కొని, సభ్యులకు అరువిచ్చి, వాయిదాల్లో డబ్బు వసూలు చేసుకునేవి. చేతిలో డబ్బు లేక చిల్లరగా ఎక్కువ ధరకు కొనే ఇళ్లకు ఇది పెద్ద ఊరట. 1996–97లో కేంద్రం గిరిజన ప్రాంతాలకు గ్రామ ధాన్యం బ్యాంకుల పథకం తెచ్చింది, గింజలు తీసుకుని పంట వచ్చాక తిరిగి కట్టాలి. తిరిగి కట్టే శక్తి ఉన్నవాళ్లకు ఈ పద్ధతి పనికొస్తుంది. లేనివాళ్లకు ఇస్తే బాకీ నిలబడిపోతుంది, బాకీ పడ్డ మనిషి సిగ్గుతో ఆ గడప ఎక్కడం మానేస్తుంది. అప్పుడు అందరికంటే ఎక్కువ అవసరమున్న ఇల్లే దూరమైపోతుంది. అందుకని రెండు ఖాతాలు పెట్టుకోవడం మేలంటాను. పని దొరకని నెలల్లో ఇబ్బంది పడే కూలి కుటుంబాలకు టోకు ధరకు, మూడు నెలల అరువు మీద. ముసలివాళ్లకు, ఒంటరి ఆడవాళ్లకు, జబ్బు పడ్డ ఇంటికి ఉచితంగా. బయటికి మాత్రం రెండింటికీ ఒకే కార్డు, ఒకే సంచీ, ఒకే వరుస ఉండాలి. ఏ కార్డు ఏ ఖాతాలోదో పుస్తకం రాసే ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ఫొటోలు తీయడం అసలే వద్దు. సరుకు ఇచ్చే చేతిని వాట్సాప్‌లో చూపించాలనుకునే దాత తన సరుకు తానే ఉంచుకోవచ్చు.

గుళ్లో అన్నదానాలు లేవా, గణపతి నవరాత్రులకూ అయ్యప్ప స్వాముల భిక్షకూ ఊరంతా భోంచేయదా అని అడుగుతారు. చేస్తుంది, ఆ పెట్టుపోతల గొప్పతనాన్ని నేను తగ్గించడం లేదు. కోనసీమలోని లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారిని జనం ఇవాళ్టికీ తలుచుకుంటున్నారు. ఆమె పెట్టిన అన్నం ఎంత అన్నదాని కంటే, ఏ వేళకు ఎవరొచ్చినా పెడుతుందన్న నమ్మకం పెద్దది. అయితే ఆమె ఏర్పాటు ఒక మనిషి జీవితం మీద, ఒక కుటుంబం ఆస్తి మీద నిలిచింది. 1909లో ఆమె పోయారు. అలాంటి మనిషి ఊరికొకరు పుట్టాలని ఎదురుచూడలేం. ఆ నమ్మకాన్ని మామూలు మనుషులు నలుగురు కలిసి, వంతులు వేసుకుని ఎలా నిలబెట్టగలరన్నదే మన ముందున్న పని.

అది ఎలాగో నడిగూడెం చరిత్రే కొంత చెబుతుంది. మునగాల రాజా నాయని వెంకట రంగారావు, ఆయన దగ్గర దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు వంటివాళ్ల పూనికతో 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వచ్చాయి. భాషానిలయం రాజుగారి డబ్బుతో మాత్రమే నడిచి ఉంటే రాజుగారితోనే పోయేది. చందాదారులు, కార్యవర్గం, పుస్తకాల రిజిస్టరు, తలుపు తీసే వేళ, ఇవి ఉన్నాయి కాబట్టి నూరేళ్లు దాటి బతికింది. సరుకుల గదికీ గ్రంథాలయానికి ఉన్న కట్టుబాట్లే కావాలి. అదే పరగణాలో 1930లలో రైతులు వెట్టికీ జమీందారీ వసూళ్లకూ ఎదురు తిరిగిన సంగతి కూడా ఇక్కడే గుర్తుచేయాలి. దొర చేతి నుంచి అందే మేలు మీద ఆధారపడి బతకడం ఇష్టంలేని నేల ఇది. కాబట్టి కార్యవర్గంలో సగం మంది ఆ గది నుంచి సరుకు తీసుకునే ఇళ్ల ఆడవాళ్లే ఉండాలి, ఉచితంగా తీసుకునేవాళ్లతో సహా. చందా ఇచ్చినవాడి పేరు గోడ మీద రాయకూడదు, లెక్క మాత్రం ప్రతి నెలా పంచాయతీ నోటీసు బోర్డు మీద పెట్టాలి.

నడిపేవాళ్ల కోసం ఎక్కడికో పోనక్కర లేదు. ప్రతి కోతకూ ఐకేపీ కేంద్రాల్లో ధాన్యం కొనేది మహిళా సంఘాల వాళ్లే. తేమ మిషన్ చూడటం, కాంటా వేయడం, గన్నీ సంచుల లెక్క, లారీ వెళ్లేదాకా కాపలా, రైతుకు చీటీ రాయడం, ఇవన్నీ చేసిన చేతులకు పప్పు సంచుల లెక్క ఒక బరువు కాదు. పప్పుతో జాగ్రత్త మాత్రం వేరు. సంచులు నేల మీద కాకుండా చెక్క పలకల మీద, గోడకు జానెడు దూరంలో ఉండాలి. చిల్లర సరుకు మూత బిగువైన డబ్బాల్లో ఉండాలి, పురుగు పట్టకుండా ఎండబెట్టి పోయాలి. ముందొచ్చిన సంచీ ముందు వెళ్లాలి, వచ్చిన తేదీ సంచీ మీదే రాయాలి. నూనె ప్యాకెట్లు విడిగా కాకుండా సీలు తీయనివే తీసుకోవాలి. బెల్లం, పల్లీలు, చింతపండు తర్వాత చేర్చుకోవచ్చు. గుడ్లు వారంవారం తెచ్చి అదే రోజు పంచేయగలిగితేనే మొదలుపెట్టాలి. గది తెరిచే వేళ కూలి వేళకు లోబడాలి. పొద్దున పదింటికి తెరిస్తే పనికి పోని వాళ్లే వస్తారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా, వారంలో రెండు రోజులు చాలు. నడవలేని వాళ్ల ఇంటికి సరుకు వెళ్లాలి. 2021లో ఫిలిప్పీన్స్‌లో మాగిన్హావా వీధిలో ఒక వెదురు బండి మీద మొదలైన కమ్యూనిటీ ప్యాంట్రీ, ఉన్నవాళ్లు తెచ్చి పెట్టి లేనివాళ్లు తీసుకునే పద్ధతి, కొద్దిరోజుల్లోనే దేశమంతా పాకింది. ఆ మంచితనం ఎంత త్వరగా పాకిందో, కొన్నిచోట్ల తోపులాటలూ అంతే త్వరగా వచ్చాయి. తెలిసిన రోజు, తెలిసిన వేళ, తెలిసిన పరిమాణం ఉన్నచోట ఎగబడటం ఉండదు.

ఫంక్షన్ హాళ్లలో మిగిలిన వంట సంగతి ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు ఎత్తుతారు. పారేసే అన్నం చూస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. అయినా ఈ గది దాని జోలికి పోకూడదు. వండిన అన్నం వేడిగా ఉంటే అరవై డిగ్రీల పైన, చల్లగా ఉంటే ఐదు డిగ్రీల లోపు ఉంచితేనే సురక్షితం. మధ్యాహ్నం పెళ్లిలో మిగిలినది సాయంత్రం దాకా గిన్నెల్లో ఉంటే అందులో పెరిగే విషం మళ్లీ వేడిచేసినా పోదు. మిగులు ఆహారం సేకరించి పంచేవాళ్ల కోసం ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2019లో ప్రత్యేక నిబంధనలే తెచ్చింది. వాహనం, పాత్రలు, సమయం, రిజిస్ట్రేషన్ అన్నీ చూసుకోగల సంస్థలు పట్టణాల్లో ఆ పని చేయాలి. పేదవాడి పళ్లెంలోకి అనుమానం ఉన్న అన్నం పోకూడదు, ఒక్కసారి వాంతులు విరేచనాలు అయితే ఆ గది మీద నమ్మకం మళ్లీ రాదు.

డబ్బు లెక్క అంత భయపెట్టేది కాదు. ఊహకు నలభై ఇళ్లనుకోండి, ఒక్కో ఇంటికి నెలకు ఆరు వందల రూపాయల సరుకు. మొత్తం ఇరవై నాలుగు వేలు. రెండు వందల నలభై ఇళ్లు నెలకు వంద ఇస్తే సరిపోతుంది. అరువు ఖాతా డబ్బు తిరిగి వస్తుంది కాబట్టి నిజానికి ఇంకా తక్కువే కావాలి. ఒకరే లక్ష ఇస్తామన్నా చిన్న చందాలనే నమ్ముకోవడం మంచిది. పెద్ద దాత మనసు మారితే గది మూతపడుతుంది, నెలకు వంద ఇచ్చే ఇళ్లు అన్నీ ఒకేసారి మానవు. అమెరికాలో ఉన్న ఊరి పిల్లలు పంపే డబ్బును రోజువారీ ఖర్చుకు కాకుండా నిల్వనిధికి పెట్టాలి. ఆ నిధి ఎందుకో 2024 సెప్టెంబర్ 1న నడిగూడెం మండలానికి తెలిసింది. కుండపోత వానలకు రామచంద్రాపురం దగ్గర సాగర్ ఎడమ కాలువకు గండి పడింది, కోదాడ పట్టణంలోకి కూడా వరద వచ్చింది. ఇంట్లో ఉన్న బియ్యం తడిసి, దారులు తెగిన రోజుల్లో ఎత్తు మీదున్న గదిలో నెలకు సరిపడా పప్పు, అటుకులు, నూనె, ఉప్పు ఉండటం వేరు, ఎవరైనా లారీ పంపుతారని చూడటం వేరు. గది ఎక్కడ పెట్టాలో తేల్చేటప్పుడు ఊళ్లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో గుర్తుచేసుకుని, దానికి పైనున్న చోటు చూడాలి.

పప్పు ఎక్కడ కొనాలన్నదే మిగిలింది. కాలువ అందని చెలకల్లో, పొలం గట్ల మీద కంది ఇంకా వేస్తున్నారు. జనవరి, ఫిబ్రవరిలో కంది చేతికొచ్చి ధర దిగినప్పుడు ఆ రైతుల దగ్గరే ఏడాదికి సరిపడా కొని, మర పట్టించుకుంటే కిరాణా ధరకూ దానికీ మధ్య తేడా గదికి మిగులుతుంది, రైతుకూ మార్కెట్ ఖర్చు తప్పుతుంది. వరి తప్ప ఇంకేం వేసినా కొనేవాళ్లు లేరన్న రైతుకు ఊళ్లోనే ఒక కొనుగోలుదారు దొరికినట్టు. మొదటి ఏడాది ఇరవై ఇళ్లు, రెండే సరుకులు, కందిపప్పు, నూనె. ఏ నెలా ఆగకుండా పన్నెండు నెలలు నడిపి, బాకీలూ తరుగూ ఊరి సభలో చదివి, ఆ తర్వాత ఇంకో ఇరవై ఇళ్లు చేర్చాలో లేదో ఆ సభలోనే తేల్చుకోవాలి.